స్పీకరు బాలారిష్టాలు

కొత్త స్పీకర్ల జత కొన్నవాడికి దుకాణంవాడు బిల్లుతోపాటు ఒక హెచ్చరిక కూడా చేతిలో పెట్టి పంపిస్తాడు. హైదరాబాదులో అయితే అది ఇలా ఉంటుంది: "సార్, ఇప్పుడే సౌండ్ ఇని పరేషాన్ గాకుండ్రి. నూరు గంటలు నడవనియ్యిండ్రి. గప్పుడు విప్పుకుంటది." లండన్‌లోనూ న్యూయార్క్‌లోనూ ఇదే మాట ఇంగ్లీషులో చెబుతారు. కొన్ని కంపెనీలైతే మాన్యువల్లోనే అచ్చేస్తాయి. ఒకరు యాభై గంటలంటారు, ఇంకొకరు రెండొందలంటారు. పట్టింపు మరీ ఎక్కువున్నవాళ్లు రెండు స్పీకర్లనూ ముఖాముఖి నిలబెట్టి, ఒకదానికి ప్లస్ మైనస్ తీగలు తారుమారు చేసి కలుపుతారు. అలా చేస్తే ఒకదాని శబ్దాన్ని మరొకటి చాలావరకు మింగేస్తుంది. పైన ఓ దుప్పటి కప్పి, పింక్ నాయిస్ అనే హోరును రాత్రింబవళ్లు వాయించమని వదిలేసి ఊరెళ్లిపోతారు. తిరిగొచ్చేసరికి అవి మంచిగా పలకడం మొదలుపెడతాయని ఆశ.

ఇందులో బొత్తిగా నిజం లేదనడానికి వీల్లేదు. కొంత ఉంది. ఆ కొంత స్పీకరు ఒంట్లో ఏ అవయవం దగ్గర ఉందో, ఎంత ఉందో తెలియాలంటే ఆ యంత్రం పుట్టుక దగ్గర్నుంచి రావాలి.

1874లో జర్మనీ ఇంజినీరు వెర్నర్ సీమెన్స్ ఒక పేటెంటు పుచ్చుకున్నాడు. గుండ్రటి అయస్కాంతం నోట్లో ఒక తీగచుట్టను వేలాడదీస్తే, అందులో కరెంటు పారినప్పుడల్లా చుట్ట ముందుకో వెనక్కో జరుగుతుంది. అంతే దాని సారం. పాట వినిపించాలన్న ఊహ ఆయనకు లేదు. బెల్ టెలిఫోను రావడానికి ఇంకా రెండేళ్లుంది. 1898లో బ్రిటన్ భౌతికశాస్త్రజ్ఞుడు ఆలివర్ లాడ్జ్ అదే చుట్టను శబ్దం కోసం వాడుతూ మరో పేటెంటు తీసుకున్నాడు. కానీ ఆ చుట్టను గట్టిగా ఊపేంత బలంగా మాటను పెంచి అందించే ఆంప్లిఫయరు ఆనాటికి లేదు. యంత్రం పుట్టింది కానీ దానికి పాలు పట్టేవాళ్లు లేకపోయారు.

ఆ తర్వాత కథ అమెరికాకు మారింది. డెన్మార్కు నుంచి వలస వచ్చిన పీటర్ జెన్సెన్, అతని మిత్రుడు ఎడ్విన్ ప్రిడమ్ కాలిఫోర్నియాలోని నాపా అనే చిన్న ఊళ్లో ఓ ఇంట్లో ప్రయోగాలు చేస్తూ, అయస్కాంతంలో కదిలే చుట్టకు గ్రామఫోను మాదిరి కొమ్మునొకటి తగిలించారు. 1915 క్రిస్మస్‌కు ముందురోజు సాయంత్రం శాన్‌ఫ్రాన్సిస్కో సిటీ హాలు ముందు చేరిన జనానికి ఆ కొమ్ములే పాటలు వినిపించాయి. దాన్ని వాళ్లు మాగ్నవాక్స్ అన్నారు. 1919 సెప్టెంబరులో శాన్‌డియాగో స్టేడియంలో అధ్యక్షుడు వుడ్రో విల్సన్ అద్దాల గదిలో నిలబడి మామూలు గొంతుతో మాట్లాడితే, దాదాపు 50 వేలమంది ఆ కొమ్ముల్లోంచి విన్నారు. మన ఊళ్లలో పెళ్లిపందిరి మీదా గుడి గోపురం పక్కనా మైకుసెట్టువాళ్లు కట్టే కొమ్ము స్పీకర్లు ఆ వంశానివే.

కొమ్ములో మాట స్పష్టంగా వస్తుంది, సంగీతం మాత్రం రేకుడబ్బాలో పాడినట్టు వస్తుంది. ఇంట్లో కూర్చుని వినేందుకు పనికొచ్చే స్పీకరు 1925లో వచ్చింది. జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో పనిచేసే చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెలాగ్ అనే ఇద్దరు ఇంజినీర్లు కొమ్ము లేని స్పీకరు మీద ఆ ఏడాది ఒక పత్రం ప్రకటించారు. ఇవాళ మీ టీవీలో, కారులో, ఫోనులో, బ్లూటూత్ డబ్బాలో ఉన్నది ఇంచుమించు అదే స్పీకరు. వందేళ్లలో అయస్కాంతం మారింది, జిగురు మారింది, కాగితం చోటుకు ప్లాస్టిక్ వచ్చింది. నడిచే తీరు మాత్రం మారలేదు.

రైస్, కెలాగ్ పట్టుకున్న కిటుకు ఒకటుంది. మన వంద గంటల పంచాయితీ అంతా దాని మీదే నడుస్తుంది కాబట్టి కాసేపు అక్కడ ఆగాలి. బరువుంది, స్ప్రింగుంది అంటే దానికంటూ ఒక సొంత ఊపు ఉంటుంది. దాన్ని రెజొనెన్స్ అంటాం. పాటలో ఆ స్వరం తగిలినప్పుడల్లా స్పీకరు తన సొంత పాట అందుకుంటుంది. అప్పటిదాకా వచ్చిన స్పీకర్లలో ఈ సొంత ఊపు సరిగ్గా గొంతు పలికే స్వరాల మధ్యనే వచ్చి కూర్చునేది. రైస్, కెలాగ్ కోన్‌ను, అంటే చుట్టతోపాటు ఊగి శబ్దం పుట్టించే కాగితపు గరాటును, ఎంత మెత్తగా వేలాడదీయాలంటే అంత మెత్తగా వేలాడదీశారు. అంచును దళసరి అట్టకు బిగించకుండా, పలుచని మెత్తటి పట్టీతో పట్టించారు. దాంతో సొంత ఊపు సంగీతానికి అడుగున ఎక్కడికో దిగిపోయింది. ఆ అడుగుకు పైన కోన్ బరువుదే పెత్తనం. స్ప్రింగు ఎంత మెత్తనో, ఎంత గట్టిదో ఆ పై స్వరాలకు పట్టనే పట్టదు. స్ప్రింగు మారితే తేడా కనిపించేది అట్టడుగు స్వరాల్లో, బేస్‌లో మాత్రమే. ఈ ఒక్క వాక్యం గుర్తుంచుకుంటే "వంద గంటల తర్వాత గాయని గొంతులో తేనె కారింది" అన్నవాడిని ఏం అడగాలో తెలుస్తుంది.

ఇప్పుడు ఒక ఎనిమిదంగుళాల ఊఫరును, అంటే బేస్ పలికే స్పీకరును, చేతిలోకి తీసుకుని తిరగేసి చూడండి. వెనక పెద్ద బిళ్లలా ఉన్నది అయస్కాంతం. దాని నడిమధ్య సన్నటి గుండ్రటి సందు. ఆ సందులో, రెండు వైపులా మిల్లీమీటరులో కొద్దివంతు ఎడంతో, రాగితీగ చుట్ట వేలాడుతుంటుంది. దాన్ని ఆ సందు మధ్యనే నిలబెట్టే పని రెండింటిది. ముందువైపు కోన్ అంచుకు ఉన్న రబ్బరు చుట్టు ఒకటి, దాన్ని సరౌండ్ అంటారు. వెనకవైపు వలయాలు వలయాలుగా మడతలు పడిన పసుపుపచ్చ గుడ్డ బిళ్ల ఇంకొకటి, అది స్పైడర్. వేళ్లన్నీ సమంగా ఆనించి కోన్‌ను మెల్లగా లోపలికి నొక్కితే వెనక్కి నెట్టేది ప్రధానంగా ఈ స్పైడరే. కొత్త ఊఫరును మొదటిసారి అలా నొక్కితే కొంచెం బిర్రుగా ఉంటుంది. పదిసార్లు నొక్కాక ఆ బిర్రు కొంత సడలడం వేలికే తెలుస్తుంది.

సడలుతున్నది ఏమిటంటే, స్పైడరు మామూలు నూలుగుడ్డో, సింథటిక్ కలిసిన గుడ్డో. దాన్ని ఫినాలిక్ రెజిన్ అనే జిగురులో ముంచి, వేడి అచ్చుల మధ్య పెట్టి నొక్కితే మడతలు గట్టిపడి నిలుస్తాయి. పడుగూ పేకా కలిసే ప్రతిచోటా పోగు పోగుకు అంటుకుపోయి ఉంటుంది. మొదటిసారి బాగా లోతుగా ఊగినప్పుడు ఆ అతుకులు సన్నసన్నగా పగులుతాయి, పోగులు ఒకదాని మీద ఒకటి జరగడం మొదలవుతుంది. రబ్బరు సరౌండ్‌ది ఇంకో కథ. నల్లటి కార్బన్ పొడి కలిపిన రబ్బరును మొదటిసారి సాగదీసేందుకు ఎంత బలం కావాలో, రెండోసారి అంత అక్కర్లేదు. బ్రిటన్‌లో రబ్బరు మీద పరిశోధన చేసిన లియొనార్డ్ మల్లిన్స్ 1940ల్లో దీన్ని శ్రద్ధగా కొలిచి చూపించాడు. ఇప్పటికీ దాన్ని మల్లిన్స్ ఎఫెక్ట్ అనే పిలుస్తారు. అందులో రెండు సంగతులు మనకు కావాలి. ఒకటి, మెత్తబడటంలో ఎక్కువ భాగం మొదటి కొద్దిసార్ల సాగుడులోనే అయిపోతుంది. రెండోది, ఎంతవరకు సాగదీస్తే అంతవరకే మెత్తబడుతుంది. అంతకుమించి సాగదీసినప్పుడు మళ్లీ కొంత.

దీన్నిబట్టి చూస్తే, పక్కింటివాళ్లకు వినపడకుండా తక్కువ వాల్యూములో నూరు గంటలు సన్నాయి వాయించడం స్పైడరుకు పెద్దగా ఏమీ చేయదు. బేస్ గట్టిగా ఉన్న పాట ఒకటి బాగా ఊగేలా పెడితే చాలా పని పావుగంటలో అయిపోతుంది. ఇంకో మాట. ఫ్యాక్టరీలో ప్రతి స్పీకరునూ డబ్బాలో పెట్టేముందు అడుగు స్వరం నుంచి పై స్వరం దాకా ఒక్క ఊపున మోగించి, ఎక్కడైనా రుద్దుకుంటోందా, బుర్రుమంటోందా అని మైకుతో పరీక్షిస్తారు. సాగుడులో తొలి వాటా అక్కడే తీరుతుంది. మీ ఇంటికి వచ్చేసరికి ఆ పాప ఊయల్లో మొదటిసారి పడుకోబోతున్నదేం కాదు.

ఎంత మారుతుందో లెక్క చూద్దాం. లెక్క లేకుండా ఈ విషయం మాట్లాడటమే తగాదాలకు మూలం. కొత్త ఊఫరు సొంత ఊపు 40 హెర్ట్జ్ అనుకోండి. ఆడించాక స్పైడరు, సరౌండ్ కలిసి 20 శాతం మెత్తబడ్డాయనుకోండి, ఇది ధారాళమైన అంచనాయే. అప్పుడు సొంత ఊపు 36.5 హెర్ట్జ్‌కు దిగుతుంది. తొమ్మిది శాతం తేడా. కాగితం మీద కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. "చూశావా, నేను చెప్పలా" అనే పక్షానికి ఈ అంకె చాలా ఇష్టం. అయితే ఊఫరును ఎవరూ చేత్తో పట్టుకుని వినరు కదా, డబ్బాలో పెట్టి వింటారు. మూసిన డబ్బాలో గాలి కూడా ఒక స్ప్రింగే. చిన్న డబ్బా అయితే గుడ్డ స్ప్రింగు కంటే గాలి స్ప్రింగే బిర్రు. మన ఊఫరును దాని బిగువుకు సరితూగే గాలిలో సగం మాత్రమే పట్టే డబ్బాలో బిగిస్తే, కొత్తలో మొత్తం ఊపు 69 హెర్ట్జ్ వస్తుంది. ఆడించాక 67. గాలి మెత్తబడదు మరి. ఈ రెండు హెర్ట్జ్‌ల తేడా వల్ల అట్టడుగు స్వరాల్లో శబ్దం పెరిగేది అర డెసిబెల్. అంతకు పైన అదీ లేదు.

ఈ గాలి స్ప్రింగును గృహోపయోగానికి తెచ్చినవాడు ఎడ్గార్ విల్చర్ అనే న్యూయార్కు అధ్యాపకుడు. 1954లో, తన శిష్యుడు హెన్రీ క్లాస్‌తో కలిసి, ఏఆర్-1 అనే స్పీకరును బయటకు తెచ్చాడు. అంతకుముందు మంచి బేస్ కావాలంటే బీరువా అంత డబ్బా ఉండాలి. విల్చర్ ఆలోచన చాలా సాహసం. గుడ్డ స్ప్రింగు నమ్మదగింది కాదు, లోతుకు వెళ్లేకొద్దీ దాని బిగువు పద్ధతి తప్పుతుంది, శబ్దాన్ని వంకరచేస్తుంది. కాబట్టి ఊఫరును ఎంత వదులుగా వీలైతే అంత వదులుగా కట్టేసి, నిలబెట్టే భారమంతా డబ్బాలో బిగించిన గాలి మీద వేద్దాం అన్నాడు. తొలి నమూనా కోసం ఒక పాత ఊఫరు అంచును కోసేసి, పరుపులకు వాడే గుడ్డను కత్తిరించి అంటించాడు. ఆ కత్తిరింపుకు నమూనా గీసిచ్చింది ఆయన భార్య రోజ్‌మేరీ. పుస్తకాల అరలో పట్టేంత స్పీకరులోంచి ఆర్గన్ సంగీతపు అట్టడుగు స్వరం రావడం చూసి జనం విస్తుపోయారు. గుడ్డను నమ్మొద్దని 1954లోనే ఒకాయన తేల్చి, ఆ గుడ్డ మాట చెల్లకుండా యంత్రాన్ని కట్టి చూపించాక కూడా, గుడ్డ పక్వానికి రావాలని డెబ్భై ఏళ్లుగా చెప్పుకుంటూనే ఉన్నాం.

గాలి బయటకు పోయే గొట్టం ఉన్న డబ్బాల లెక్కను 1961లో ఆస్ట్రేలియా ఇంజినీరు నెవిల్ థీల్ తేల్చాడు. పదేళ్లకు సిడ్నీలోనే రిచర్డ్ స్మాల్ దాన్ని పూర్తిచేశాడు. ఇప్పుడు ఏ ఊఫరు కొన్నా వెంట వచ్చే అంకెల చీటీ వీళ్లిద్దరి పేరు మీదే ఉంటుంది. సొంతంగా డబ్బాలు కట్టుకునేవాళ్లు మాత్రం ఆ అంకెలు కొలిచేముందు ఊఫరును కాసేపు ఆడించి తీరాలి. వాళ్ల విషయంలో ఈ ఆచారం సబబే.

ఇది స్పీకరు సంగతి. ఇక మిగతా సామాను మీద ఎక్కువ కాలం వెచ్చించబుద్ధి కావడం లేదు. ఆంప్లిఫయరు పెట్టిన తొలి నిమిషాల్లో వేడెక్కి నిలకడకు వస్తుంది. వాల్వు రేడియోల కాలంలో స్విచ్చి వేశాక లోపల ఎర్రటి వెలుగు వచ్చి పాట అందుకునేదాకా అర నిమిషం ఎదురుచూసిన తరానికి ఇది తెలుసు. అది ప్రతిరోజూ జరిగేదే కానీ జన్మకోసారి జరిగే పక్వం కాదు. ఏళ్ల తరబడి అటక మీద పడి ఉన్న పాత ఆంప్లిఫయరు కెపాసిటర్లలో అల్యూమినియం ఆక్సైడ్ పొర పలచబడుతుంది, దానికి మెల్లగా కరెంటు ఎక్కించి మళ్లీ పొర కట్టించాలి. అది నిజమైన పని, తొందరపడితే కెపాసిటరు పేలిపోవచ్చు కూడా. గ్రామఫోను పిన్ను వెనక ఉన్న చిన్న రబ్బరు ముక్కకు స్పీకరు రబ్బరుకు వర్తించినదే వర్తిస్తుంది. తీగలకు మాత్రం ఏమీ లేదు. రాగి తీగ వంద గంటలు పాటలు మోసి జ్ఞానం సంపాదించదు. "కేబుల్ బర్న్ఇన్" యంత్రం అని ఒకటి విడిగా అమ్ముతున్నారంటే, అది ఎవరి జేబును కాల్చడానికో కొనేవాడు ఆలోచించుకోవాలి.

అయినా ఒక చిక్కు మిగిలే ఉంది. నిజాయితీపరులు, చెవి బాగా ఉన్నవాళ్లు, అమ్మకంతో ఏ సంబంధమూ లేనివాళ్లు, మొదటిరోజు కీచుగా అనిపించిన స్పీకరు నెలకు మెత్తబడిందని చెబుతూనే ఉంటారు. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. కొత్త చెప్పు వారం రోజులు కరిచి ఆ తర్వాత మానుకుంటుంది కదా, అందులో మెత్తబడిన తోలు ఎంత, కాయ కాచిన కాలు ఎంత? స్పీకరు విషయంలో కాలి వాటా ఎక్కువని నా లెక్క.

నెదర్లాండ్స్‌లోని నైమెగెన్‌లో పాల్ హాఫ్‌మన్, ఆయన సహచరులు 1998లో ప్రచురించిన ప్రయోగం ఒకటుంది. పెద్దవాళ్ల చెవి డొప్పల్లో అచ్చు పోసిన ముక్కలు అమర్చి, డొప్ప ఆకారాన్నే మార్చేశారు. శబ్దం పైనుంచి వస్తోందా, కిందినుంచి వస్తోందా అన్నది మనకు చెప్పేది డొప్ప మడతలే. ముక్కలు పెట్టిన క్షణంలో ఆ తెలివి పోయింది. వాళ్లను మామూలుగా తిరగమని, పనులు చూసుకోమని పంపేశారు. కొన్ని వారాల్లో కొత్త చెవులతోనే పైనా కిందా మళ్లీ తెలియడం మొదలైంది. ఇంకా వింత, ముక్కలు తీసేసిన వెంటనే పాత చెవులతోనూ యథాప్రకారం వినగలిగారు. మెదడు పాత పాఠం చెరపకుండానే కొత్తది నేర్చుకుంది. కొన్ని వారాలు అన్న మాట గమనించండి. రోజుకు మూడు గంటల చొప్పున వింటే వంద గంటలకు పట్టేది కూడా అంతే, ముప్పై మూడు రోజులు. (వస్తువు నచ్చకపోతే వాపసు తీసుకునే గడువు చాలాచోట్ల అంతకు ముందే తీరిపోతుందన్నది వేరే సంగతి. కాకతాళీయమే కావచ్చు.)

పైగా మొదటిరోజు శబ్దాన్ని నెల తర్వాతి శబ్దంతో పోల్చడం అనే పనే మనిషి వల్ల కానిది. శబ్దం యథాతథంగా చెవిలో నిలిచే కాలం కొన్ని సెకన్లు. ఆ తర్వాత మిగిలేది శబ్దం గురించి మనం అనుకున్న మాట. "కీచుగా ఉంది" అన్నది గుర్తుంటుంది, కీచు గుర్తుండదు. తేల్చుకోవాలంటే ఒకే రకం రెండు జతలు కొని, ఒకదాన్ని డబ్బాలోనే ఉంచి, ఇంకోదాన్ని నూరు గంటలు ఆడించి, ఏది ఏదో తెలియకుండా తెర వెనక నుంచి, వాల్యూము సరిసమానంగా సరిచూసి వినాలి. అర డెసిబెల్ ఎక్కువ మోగేది మనకు ఎక్కువ మోగినట్టు అనిపించదు, బాగున్నట్టు అనిపిస్తుంది. అందుకని ఆ సరిచూడటం చాలా ముఖ్యం.

తెర ఎంత పని చేస్తుందో ధ్వని పరిశోధకులు ఫ్లాయిడ్ టూల్, షాన్ ఆలివ్ 1994లో చూపించారు. స్పీకర్లు తయారుచేసే హర్మన్ కంపెనీలో పనిచేసేవాళ్లనే కూర్చోబెట్టి, అవే స్పీకర్లను ఒకసారి తెర వెనక పెట్టి, ఒకసారి కళ్లెదుట పెట్టి మార్కులు వేయమన్నారు. కళ్లెదుట పెట్టగానే మార్కులు మారిపోయాయి. ఇంకా తమాషా, స్పీకరు గదిలో చోటు మారినప్పుడు తెర ఉంటే ఆ తేడాను వాళ్ల చెవి పట్టుకుంది. తెర తీస్తే ఆ తేడాను కన్ను కప్పేసింది.

ఇంకా వెనక్కి వెళితే ఎడిసన్ చేసిన పని ఉంది. 1915 నుంచి పదేళ్లపాటు అమెరికా ఊరూరా తన డైమండ్ డిస్కు ఫోనోగ్రాఫు పక్కన గాయనిని నిలబెట్టి పాడించి, మధ్యలో దీపాలు ఆర్పించేవాడు. ఎప్పుడు మనిషి ఆగి యంత్రం అందుకుందో సభలో చాలామంది పోల్చుకోలేకపోయేవారు. ఇవాళ ఆ డిస్కు వింటే ఆ గొంతు గొట్టంలోంచి వస్తున్నట్టుంటుంది. గాయనులు తమ గొంతును యంత్రం గొంతుకు తగ్గట్టు కాస్త మలుచుకునేవారు, అది కొంత కారణం. మిగతాది శ్రోత. పోల్చుకోవడానికి అంతకంటే మంచిదాన్ని అతను ఎన్నడూ వినలేదు.

ఈ వంద గంటల సిద్ధాంతంలో నాకు అన్నిటికంటే అనుమానం కలిగించేది ఒకటే. నూరు గంటల తర్వాత స్పీకరు ఎప్పుడూ బాగుపడుతుంది. పాడైందని చెప్పేవాడు ఒక్కడూ కనిపించడు. గుడ్డకూ రబ్బరుకూ సంగీతం తెలియదు. అవి సడలితే వచ్చే మార్పు కొన్ని స్పీకర్లకు నప్పాలి, కొన్నిటికి నప్పకపోవాలి. కొన్నవాళ్లలో కొందరైనా "మొదట్లోనే నయం" అనాలి. అనడం లేదంటే మారుతున్నది స్పీకరు కంటే ఎక్కువగా ఇంకేదో.

వంద గంటల కోసం ఎదురుచూసే ఓపికను స్పీకరును అటూ ఇటూ జరపడానికి వాడితే ఫలితం అక్కడికక్కడే వినిపిస్తుంది. మన ఇళ్లలో సిమెంటు గోడలు, కాంక్రీటు పైకప్పు, కింద టైల్సో గ్రానైటో. శబ్దాన్ని మింగేది సోఫా ఒక్కటే. పన్నెండడుగుల గదిలో ఎదురెదురు గోడల మధ్య 47 హెర్ట్జ్ దగ్గర కదలకుండా నిలిచిపోయే అల ఒకటి తప్పనిసరిగా ఏర్పడుతుంది. వినేవాడి కుర్చీ గోడను ఆనుకుని ఉంటే ఆ స్వరం చెవులు హోరెత్తిస్తుంది, గది మధ్యలోకి వస్తే ఇంచుమించు మాయమవుతుంది. పది డెసిబెల్స్ తేడా రావడం మామూలే. ఊఫరును గోడకు ఆనించినా, నాలుగడుగులు ముందుకు జరిపినా బేస్ ఐదారు డెసిబెల్స్ మారగలదు. స్పైడరు తెచ్చిన అర డెసిబెల్ దీని పక్కన లెక్కలోకే రాదు.

చలి కూడా అంతే. రెజిన్, రబ్బరు రెండూ చల్లబడితే బిర్రబిగుస్తాయి. జనవరిలో న్యూజెర్సీలోని మనవాళ్ల ఇంటి గుమ్మం ముందు మధ్యాహ్నం దించిపోయిన పార్సెలును సాయంత్రం విప్పి వెంటనే పాట పెడితే బేస్ నిజంగానే తక్కువ వస్తుంది. ఆ రాత్రి ఇంట్లో వెచ్చగా ఉండనిస్తే తెల్లారేసరికి అది వచ్చి చేరుతుంది. ఒక్క రాత్రిలో పండిందని సంతోషించేవాళ్లు ఇలాంటి ఇళ్లలోనే ఉంటారనుకుంటా. వాల్యూము బాగా పెంచి వింటే ఇంకోటి కలుస్తుంది. స్పీకరుకు ఇచ్చిన కరెంటులో శబ్దంగా మారేది నూటికి ఒకపాలు, తరచూ అంతకంటే తక్కువే. మిగతాదంతా ఆ సన్నటి రాగిచుట్టలో వేడి. రాగి ఒక్కో డిగ్రీకి 0.39 శాతం చొప్పున కరెంటును ఎక్కువగా అడ్డుకుంటుంది. వంద డిగ్రీలు వేడెక్కిందంటే అడ్డు 39 శాతం పెరిగినట్టే. పెద్ద జాతరలో డీజే గంటసేపు దంచాక శబ్దం కాస్త అణిగినట్టు అనిపించడానికి ఇదొక కారణం. పాట ఆపి చల్లారనిస్తే మళ్లీ మొదటికి వస్తుంది.

స్పీకరుకు నిజంగా పెద్ద మార్పు వచ్చేది పుట్టినప్పుడు కాదు, ముసలితనంలో. 1970ల నుంచి చాలా కంపెనీలు సరౌండ్‌కు పాలీయురెథేన్ ఫోమ్ వాడాయి. తేలిక, చవక, మెత్తన. కానీ గాలిలోని తేమ దాన్ని అణువు అణువుగా విడగొడుతుంది. చల్లటి పొడి దేశంలో పది, పదిహేనేళ్లు వస్తుంది. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో అంతకు ముందే పోతుంది. ఒకరోజు ఊఫరు అంచును వేలితో తాకితే జిగటజిగటగా ఊడి పొడిపొడిగా రాలుతుంది. కోన్ ఆధారం తప్పి చుట్ట పక్కకు ఒరుగుతుంది, బేస్ వచ్చినప్పుడల్లా బరబరమంటుంది. అదే కంపెనీ అదే ఏడు రబ్బరు సరౌండ్‌తో చేసినది ఉంటే అది ఇంకా నిక్షేపంగా మోగుతూ ఉంటుంది.

అలాంటి ఊఫరుకు పునర్జన్మ ఇచ్చేవాళ్లు కోఠీ గుజరాతీ గల్లీ చుట్టుపక్కల ఇప్పటికీ ఉన్నారు. వాళ్ల భాషలో కోన్ 'పేపరు'. పాత పేపరును అంచు వెంట బ్లేడుతో కోసేస్తారు, స్పైడరును లేపేస్తారు, అయస్కాంతం సందులో ఇరుక్కున్న ఇనుపరజను టేపు ముక్కతో అంటించి లాగేస్తారు. కొత్త చుట్టను సందులోకి దించి, చుట్టకూ మధ్య ఇనుప దిమ్మకూ నడుమ నాలుగువైపులా పాత ఎక్స్‌రే ఫిల్ము ముక్కలు దోపుతారు. చుట్ట ఎటూ ఒరగకుండా నడిమధ్యన నిలబడేది ఆ నాలుగు ముక్కల వల్లే. అప్పుడు కొత్త స్పైడరు, పేపరు, సరౌండ్ ఒక్కొక్కటీ గమ్‌తో అంటిస్తారు. ఈ స్పైడరు కూడా బిర్రుగానే ఉంటుంది. మేస్త్రీ దాన్ని నూరు గంటలు ఆడించడు. వేళ్లతో నాలుగుసార్లు నొక్కి, చెవి దగ్గర పెట్టుకుని, రుద్దుకోవడం లేదని చూసుకుంటాడు, అంతే.

కానీ ఫిల్ము ముక్కలు తీయడానికి మాత్రం మర్నాటిదాకా ఒప్పుకోడు. "రేపు రాండ్రి సార్" అని పక్కన పెట్టేస్తాడు. గమ్ ఆరడానికి ఒక పగలూ ఒక రాత్రీ పడుతుంది. తడి మీద ముక్కలు లాగి పాట పెడితే స్పైడరు అతుకు జారుతుంది, వెంట్రుకవాసి జారినా చుట్ట ఇనుముకు రాసుకుంటుంది, రాగి మీది వార్నిష్ లేచిపోయి షార్టవుతుంది. అప్పుడు పేపరు మళ్లీ కోయాలి, కొత్త చుట్టకు మళ్లీ డబ్బులు కట్టాలి.